కొబ్బరినూనె సీసా మీద "షుగర్‌కి మంచిది" అని ఎందుకు రాయం

ఈమధ్య ఫోన్‌లో ఆర్డర్ చెప్పేవాళ్లు చాలామంది ఒకటే మాట అడుగుతున్నారు: "షుగర్ ఉందండి, ఏ నూనె పంపుతారు?" కొబ్బరినూనె సీసాల మీద "షుగర్‌కి మంచిది" అని స్టిక్కర్ వేసుకోండి, సరుకు ఆగదు అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి దగ్గర్లో గానుగ పెట్టుకున్నవాళ్లం, అలా రాస్తే నాలుగు సీసాలు ఎక్కువే అమ్ముతాం. అయినా రాయం.

కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం శాచురేటెడ్ కొవ్వే, అంటే చల్లబడితే గడ్డకట్టే రకం. అందులో సగం దాకా లారిక్ ఆమ్లం. "ఇది వేరే జాతి కొవ్వు, ఒంట్లో ఇట్టే ఖర్చయిపోతుంది" అని చెప్పే ప్రయోగాలు ఎక్కువగా ఎంసీటీ నూనె (పొట్టి కొవ్వు ఆమ్లాలనే వేరుచేసి తయారుచేసేది) మీద చేసినవి. ఎంసీటీలో ఉండే పొట్టి కొవ్వు ఆమ్లాలు కొబ్బరినూనెలో ఏడో వంతుకి మించవు. అసలు కొబ్బరినూనెనే మనుషులకిచ్చి చేసిన 16 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ 2020లో వచ్చింది. మిగతా వంటనూనెలతో పోలిస్తే షుగర్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు, చెడు కొలెస్ట్రాల్ మాత్రం సుమారు 10 మిల్లీగ్రాములు పెరిగింది. అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె తాగినవాళ్లకి షుగర్ దిగడం నిజమే. దించింది అన్నం మానడం, బరువు తగ్గడం. రుచికి ఒక చెంచా వేసుకోండి, తలకి నిక్షేపంగా రాసుకోండి.

ఇక అసలు సంగతి. భోజనం చేశాక రక్తంలోకి వచ్చిన చక్కెరను కండరాల్లోకి పంపేది, కాలేయం అదనంగా చక్కెర వదలకుండా ఆపేది ఇన్సులిన్. కండరంలో, కాలేయంలో కొవ్వు పేరుకుంటే దాని మాట చెల్లదు. పామాయిల్‌లో, నెయ్యిలో బాగా ఉండే పామిటిక్ ఆమ్లం ఎక్కువైతే కణాల్లో డైఅసైల్‌గ్లిజరాల్, సెరమైడ్ అనే పదార్థాలు పెరుగుతాయి. ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడేవి అవే. వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే ఓలియిక్ ఆమ్లం, అంత హాని చేయని మామూలు నిల్వ కొవ్వుగా సర్దుకుంటుంది.

ఇది మనుషుల్లోనూ కనబడింది. డెన్మార్క్, ఫిన్లాండ్, ఇటలీ, స్వీడన్, ఆస్ట్రేలియాల్లో 162 మంది ఆరోగ్యవంతుల మీద మూడు నెలలు జరిపిన కాన్వూ ప్రయోగం ఫలితాలు 2001లో వచ్చాయి. శాచురేటెడ్ కొవ్వు తిన్నవాళ్లలో ఇన్సులిన్ పనితనం 10 శాతం దాకా పడిపోయింది. ఓలియిక్ రకం తిన్నవాళ్లలో పడిపోలేదు. అయితే మా వ్యాపారానికి ఇబ్బందయిన ముక్క కూడా అందులోనే ఉంది: రోజు మొత్తం శక్తిలో 37 శాతం కంటే ఎక్కువ కొవ్వు నుంచే వచ్చినవాళ్లలో ఈ తేడా మాయమైంది. అంటే మంచి నూనె కదా అని గరిటెడు పోస్తే మంచితనం ఏమీ మిగలదు. అదే ప్రయోగంలో చేపనూనె మాత్రలు ఇన్సులిన్ పనితనాన్ని మార్చలేదు. పులస షుగర్‌కి మందు అనేవాళ్లు గమనించగలరు!

అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడు ముందు ఇంట్లో ఎంతమంది అని అడుగుతున్నాం. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల భోజనానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. చిన్న చెంచాతో ఆరు. నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా నెలలో ఖాళీ అవుతుంటే నూనె మార్చడం కాదు, తగ్గించడం ముందు. ఆవకాయ మీద తేలే పప్పునూనె (నువ్వుల నూనె) కూడా ఈ లెక్కలోదే.

రోజువారీ వంటకి వేరుశనగ, తాలింపుకీ పచ్చళ్లకీ పప్పునూనె, ఇదీ మేం షుగర్ ఉన్న ఇళ్లకి చెప్పేది. వేరుశనగలో శాచురేటెడ్ సుమారు ఐదో వంతు, సగం దాకా మోనో రకం (పైన చెప్పిన ఓలియిక్ ఈ రకమే). పప్పునూనెలో శాచురేటెడ్ 15 శాతం, మోనో, పాలీ (గడ్డకట్టని ఇంకో రకం కొవ్వు) ఒక్కొక్కటీ సుమారు 40 శాతం. తవుడు నూనె కూడా మంచిదే, కానీ అది గానుగలో తీసే సరుకు కాదు, ఫ్యాక్టరీలో సాల్వెంట్‌తో తీస్తారు. దుకాణంలో కొనుక్కోండి. మా చెక్క గానుగ వేరుశనగ నూనెకీ రిఫైన్డ్ వేరుశనగ నూనెకీ కొవ్వు ఆమ్లాల్లో తేడా లేదు. వాసన, విటమిన్ ఇ, నువ్వుల్లో సహజంగా ఉండే లిగ్నాన్‌లు అనే పదార్థాలు, వీటికే మీరు ఎక్కువ డబ్బు ఇస్తున్నది.

పప్పునూనె ఆడేటప్పుడు బెల్లం వేస్తారు కదా, షుగర్ వాళ్లు వాడొచ్చా అని ఇంకో ప్రశ్న. బెల్లం నూనెలో కరగదు. తెలగపిండిలోనూ, అడుగున దిగే మడ్డిలోనూ మిగులుతుంది. తేర్చిన నూనెకి భయం లేదు. తెలగపిండి కూర వండుకునేవాళ్లు మాత్రం బెల్లం వేయని పిండి కావాలని ముందే చెప్పండి.

"నెయ్యి వేసుకుని తింటే రెండు గంటల షుగర్ తగ్గిందండి" అని మీటర్ ఫోటో పంపేవాళ్లున్నారు. కొవ్వు అన్నాన్ని పొట్టలోంచి నెమ్మదిగా దింపుతుంది. రెండు గంటలకి తక్కువ చూపించి, మూడు నాలుగు గంటలకి ఎక్కొచ్చు. దాన్ని బట్టి ఇన్సులిన్ బాగా పనిచేస్తోందని చెప్పలేం. తేల్చుకోవాలంటే పరగడుపున ఒకే రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ చూపించుకుని, రెండూ గుణించి 405తో భాగించండి. గ్లూకోజు 104, ఇన్సులిన్ 14 అయితే 3.6 వస్తుంది. ఇదే హోమా సూచిక, ఇది ఎంత తక్కువుంటే ఇన్సులిన్ అంత బాగా పనిచేస్తున్నట్టు. అన్నం కొలత, బరువు, మందులు మార్చకుండా నూనె ఒక్కటే మార్చి, మూడు నెలలకి అదే ల్యాబ్‌లో మళ్లీ చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకీ, డాక్టరు రాసిన చీటీలో గ్లిమిపిరైడ్ (షుగర్ దించే మాత్ర) ఉన్నవాళ్లకీ ఒక జాగ్రత్త: డాక్టరుకి చెప్పకుండా అన్నం సగానికి కోయొద్దు, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఎంత ఆశించాలో కూడా చెప్పాలి. 102 ప్రయోగాలను కలిపిన 2016 విశ్లేషణ ప్రకారం, రోజు శక్తిలో 5 శాతం, అంటే సుమారు 11 గ్రాముల శాచురేటెడ్ కొవ్వు తీసేసి ఆ చోట పాలీ రకం పెడితే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 0.15 మేర తగ్గింది. ఉన్నదాన్ని తీసి ఆ చోట పెట్టాలి, ఉన్నదాని మీద కలిపితే కాదు. 8 ఉన్నవాళ్లని నూనె ఒక్కటే 6కి దించదు.

వేపుడు మూకుడు దగ్గర మాత్రం కచ్చితంగా ఉండండి. గారెలు వేయించిన నూనెను వడగట్టి, చల్లారాక మూతపెట్టి, రెండు మూడు రోజుల్లో కూరల్లో వాడేయండి. మళ్లీ వేపుడుకి పెట్టొద్దు. నురగ కట్టినా, చిక్కబడినా, త్వరగా పొగ వచ్చినా పారబోయండి. ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం పోలార్ పదార్థాలు (నూనె పదేపదే కాగితే పుట్టేవి) 25 శాతం దాటిన నూనె వాడకూడదు. బజ్జీల బండి మీద దాన్ని కొలిచేవాళ్లెవరూ ఉండరు కదా.

వచ్చేసారి గానుగ ఆడించిన సరుకు నుంచి ప్రతి సీసా మీదా శాచురేటెడ్, మోనో, పాలీ పాళ్లు ముద్రిస్తాం, కొబ్బరినూనె మీద కూడా. పప్పునూనె అర లీటరు సీసాల్లోనూ దొరుకుతుంది. ఆవకాయ నూనె కావాల్సినవాళ్లు నెలవారీ ఆర్డర్‌లో కలపకుండా విడిగా చెప్పండి, రెండూ వేర్వేరుగా రాసుకుంటాం.