మా గింజ వైపు చూడనివాళ్లందరికీ థ్యాంక్స్

సాయం చేసినవాళ్లకి థ్యాంక్స్ చెప్పడం అలవాటే గానీ, పట్టించుకోకుండా ఉన్నందుకు చెప్పడం నాకిదే మొదటిసారి.

2025 జూన్‌లో మృగశిర కార్తె రోజు, హైదరాబాదంతా చేపల కోసం క్యూ కడితే, మేమిద్దరం షెల్టర్‌కి వెళ్లి ఒక కుక్కని తెచ్చుకున్నాం. ఆడది, రెండేళ్లది, అచ్చమైన వీధికుక్క జాతి. ఒంటి రంగు అచ్చం చింతగింజే. అందుకే గింజ అని పేరు పెట్టాం. మిగతావన్నీ జాలీ మీద పడి తోకలూపుతుంటే ఇది మూలకి మొహం పెట్టి నిలబడింది. "ఇది తొందరగా దగ్గరికి రాదమ్మా, బాగా ఆలోచించుకోండి" అని షెల్టర్ చూసుకునే అక్క రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ బుర్ర ఊపాం. అర్థమై ఊపలేదు.

గింజ సంగతి చెప్తే అందరూ ముందు అడిగేది, "పాపం, ఎవరైనా కొట్టారా?" అని. ఎవరూ కొట్టలేదు. కుక్కపిల్లలకి 3వ వారం నుంచి దాదాపు 14వ వారం దాకా లోకాన్ని అలవాటు చేసుకునే వయసు. అప్పుడు చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు వాటికి మామూలైపోతాయి. చూడనివి ఆ తర్వాత భయపెడతాయి. దీని తోడపిల్లలకి పార్వో (కుక్కపిల్లల్ని చంపేసే అంటురోగం) వస్తే దీన్ని వేరే గదిలో ఉంచారట. ఆ వారాలన్నీ అక్కడే గడిచిపోయాయి. గిన్నె పెట్టే ఒక చెయ్యి తప్ప ఇంకేం చూడలేదు. కాబట్టి మా ఇంట్లో మిక్సీ, కుక్కర్ విజిల్, సీలింగ్ ఫ్యాను, విప్పిన గొడుగు అన్నీ దానికి దయ్యాలే.

మొదటి నాలుగు రోజులు మంచం కిందే ఉంది. మేం పడుకున్నాక బయటికొచ్చి రెండు ముద్దలు తిని, హాల్లో తడిపేసి మళ్లీ లోపలికి దూరేది. నేను నేలమీద బోర్లా పడుకుని ఫోన్ లైటు వేసి "బుజ్జీ, రా నాన్నా" అని బతిమాలేదాన్ని. అది పెదాలు నాక్కుంటూ ఆవలించేది. నిద్రొస్తుందేమో అనుకున్నా. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అక్కకి ఇదంతా చెప్తే, "అది నిద్ర కాదు, భయం. ఆ లైటు ఆపు ముందు" అంది. దాని కళ్లలోకి చూడొద్దంది. ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చోమంది, తల మీదుగా చెయ్యి చాపొద్దంది. "ఇంట్లో నువ్వూ ఒక కుర్చీవే అనుకో" అంది. అక్కా, ఆ ఒక్క మాటకే నీకు ఎంత చెప్పినా తక్కువే.

మధ్యలో బుద్ధి గడ్డితిని ఒక ట్రైనర్‌ని కూడా పిలిచాను. గొలుసు పట్టి బయటికి ఈడ్చి "రెండు రోజుల్లో దారికొస్తుంది" అన్నాడు. ఆ రోజు తర్వాత గొలుసు చప్పుడు వింటే చాలు ఒంటికి పోసుకునేది. నెల పట్టింది మళ్లీ మొదటికి రావడానికి.

ఇక మా అత్తయ్య. ఆవిడకి కుక్కలంటే పడదు. "నా జోలికి రాకుండా చూసుకో, అంతే" అని వచ్చిన రోజే తేల్చేశారు. రోజూ తెల్లవారుజామున చాప వేసుకుని గోడవైపు తిరిగి విష్ణు సహస్రనామం చదువుకుంటారు. నేను చికెన్ లివర్ పట్టుకుని హాల్లో దేకుతుంటే, ఈ మహాతల్లి వెళ్లి ఆవిడ చాప అంచున పడుకుంది! ఆవిడ కాలు కొంచెం ముడుచుకుని చదవడం ఆపలేదు, తల తిప్పలేదు. అలా వారం గడిచింది. ఇప్పుడు పాలగిన్నె మీగడ నాకు రావట్లేదు. ఎక్కడికి పోతుందో అడిగితే ఆవిడ మాట మారుస్తారు.

తొమ్మిదో రోజున జరిగింది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. గ్యాస్ బండ వచ్చింది, తలుపు తీశాను. బండ నేలమీద పెట్టిన చప్పుడుకి గింజ నా కాళ్ల సందులోంచి మూడంతస్తులూ దిగి పరిగెత్తింది. నేను కేకలు పెడుతూ వెనకాల. అస్సలు చెయ్యకూడని పని అదే. వాచ్‌మన్ అన్న గేటు వేసేశాడు కాబట్టి సరిపోయింది. పార్కింగ్‌లో ఒక కారు కిందకి దూరి, ముందు టైరుకి ఒళ్లంతా ఆనించుకుంది. అక్కకి ఫోన్ చేస్తే, "ఎవ్వరూ పిలవకండి, వంగి చూడకండి. వీపు తిప్పి కూర్చోండి" అంది. వాచ్‌మన్ భార్య ఒక్క మాట అడగలేదు. చింతపండు తట్ట తెచ్చుకుని కారుకి వీపు పెట్టి కూర్చుని పిక్కలు తీయడం మొదలుపెట్టింది. నేనూ ఆమె పక్కన కూర్చున్నా. ఆ కారు బి బ్లాకులో ఉండే ఒక అన్నయ్యది. ఆఫీసుకి బయల్దేరినవాడు సంగతి చూసి ఆటోలో వెళ్లిపోయాడు. రెండున్నర గంటలు! చివరికి నా స్టీలు డబ్బా మూత టక్కుమని ఊడింది. రాత్రిళ్లు దానికి అన్నం పెట్టేటప్పుడు వచ్చే చప్పుడు అదే. కాసేపటికి నా మోచేతి కింద నుంచి ఒక మూతి డబ్బాలోకి వచ్చింది. నేను ఊపిరి కూడా బిగబట్టాను. ఆమె చింతపండు మీంచి కళ్లెత్తలేదు.

అప్పట్నుంచి రెండు తాళ్లు, ఒకటి మెడకి, ఒకటి ఛాతీ పట్టీకి. గ్యాస్ తెచ్చే తమ్ముడు ఇప్పుడు కింద నుంచే ఫోన్ చేస్తాడు, "మేడమ్, గింజని లోపల పెట్టారా?" అని. నీ తప్పేం లేదు తమ్ముడూ, తలుపు తీసింది నేను.

బోనాల డప్పులకి బాత్రూంలో, దీపావళికి డాక్టర్ గారు రాసిన మాత్రతో మంచం కింద గట్టెక్కాం. గణేశ్ మండపం పిల్లలు అడగ్గానే స్పీకరు రోడ్డు వైపు తిప్పారు. అదీ గుర్తుంది నాకు.

అసోసియేషన్‌లో "చెవి కోసినట్టుంది, ఏదైనా రోగమా?" అని కొందరు అడిగారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కని మళ్లీ పట్టుకోకుండా చెవి అంచున పెట్టే గుర్తు అది. రేబిస్ టీకా కార్డు చూపించాను, మాట అక్కడితో ఆగింది. ఆ ఆగస్టులో, ఢిల్లీ వీధికుక్కల్ని పట్టి షెల్టర్లకి తరలించమని సుప్రీంకోర్టు చెప్పిందన్న వార్తలు టీవీలో మోగుతున్నప్పుడు కూడా మా గ్రూపులో ఎవరూ దీని పేరెత్తలేదు. అది చిన్న విషయం కాదు.

గింజ ఇంకా లిఫ్టు ఎక్కదు. చుట్టాలొస్తే ఇంకా మంచం కిందే. కానీ సాయంత్రం మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు పాప పుస్తకంలోంచి తలెత్తకుండా "హాయ్ గింజా" అంటుంది, ఇది తోక చివర ఒక్కసారి ఊపుతుంది. ఆ పాపకి ఎవరు నేర్పారో తెలీదు.

అక్కా, నువ్విచ్చిన బోను ఆదివారం తెచ్చిస్తాను, కడిగి ఎండబెట్టాం. షెల్టర్ వాసన పోకూడదు, ఉతకొద్దు అని ఇచ్చిన ఆ పాత దుప్పటి మాత్రం ఇవ్వను. ఇంకా ఉతకలేదు. అత్తయ్య ముక్కు మూసుకుంటున్నారు గానీ, ఆవిడా ఉతకనివ్వట్లేదు.