తలుపు మోసిన మరిగో తెలివితక్కువవాడు కాడు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పశ్చిమాఫ్రికా హాస్య చిత్రాల మీద వచ్చిన వ్యాసం చదివి మొదట సంతోషించాను. సెనెగల్ సినిమాకు తెలుగు పత్రికలో అరపేజీ దొరకడం తరచుగా జరిగే సంగతి కాదు. అయితే ఆ దేశపు దర్శకుడు జిబ్రిల్ డియోప్ మాంబెటీ 1994లో తీసిన ‘లె ఫ్రాంక్’ (అంటే ఫ్రాంకు, అక్కడి డబ్బు) గురించి అందులో రాసిన రెండు వాక్యాలు నన్ను నొప్పించాయి. లాటరీ టికెట్టును తలుపుకు అంటించి, ఊడదీయలేక, చివరికి తలుపునే మోసుకుంటూ ఊరంతా తిరిగిన ఒక తెలివితక్కువ కుర్రవాడి కథ అని వ్యాసకర్త తేల్చేశారు. జరిగిన కథ అదే కావచ్చు గాని, మరిగో అనే ఆ కుర్రవాడిని తెలివితక్కువవాడు అనడం మాత్రం అన్యాయం. ఆ సినిమాలోని నవ్వు అతని బుద్ధి మీద పుట్టింది కాదు.

ఈ చిత్రానికి డబ్బు పేరు ఎందుకు పెట్టారో వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు. అది తెలియకపోతే ఆ నవ్వు సగమే అర్థమవుతుంది. 1994 జనవరి 11న సెనెగల్ రాజధాని డాకర్ నగరంలో సమావేశమైన, సీఎఫ్‌ఏ అనే ఆఫ్రికా ఫ్రాంకును వాడే దేశాల నాయకులు, ఫ్రాన్సు, అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థల ఒత్తిడికి తలొగ్గి తమ నాణెం విలువను సగానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. అంతవరకూ ఒక ఫ్రెంచి ఫ్రాంకుకు 50 సీఎఫ్‌ఏ ఫ్రాంకులు ఇస్తే సరిపోయేది, మర్నాటి నుంచి 100 ఇవ్వవలసి వచ్చింది. 1948 నుంచి కదలకుండా ఉన్న మారకం రేటు ఒక్క రాత్రిలో కూలిపోయింది. సెనెగల్‌లో చేపలతో కలిపి వండే అన్నం, చెబు జెన్, రోజువారీ భోజనం. దానికి కావలసిన బియ్యంలో చాలా భాగం ఆసియా నుంచి ఓడల్లో వచ్చేదే. బియ్యం, గోధుమలు, మందులు అన్నీ ప్రియమయ్యాయి. ఫిబ్రవరిలో డాకర్ వీధుల్లో జరిగిన ఆందోళన హింసగా మారి ప్రాణాలు కూడా పోయాయి. మాంబెటీ ఈ చిత్రాన్ని తీసింది ఆ ఏడాదిలోనే. నిన్న కష్టపడి కూడబెట్టుకున్నది ఇవాళ తన ప్రమేయం లేకుండా సగమైపోయే చోట, లాటరీ టికెట్టు కొన్నవాడిని ఆశపోతు అని ఎలా అనగలం? ఆ సంవత్సరం ఆ దేశంలో డబ్బే ఒక లాటరీ అయింది.

మరిగో సంగీతకారుడు. అతనికున్న ఆస్తి ఒక్క కొంగోమా, అంటే చెక్కపెట్టెకు లోహపు పట్టీలు బిగించి వేళ్లతో మీటే వాద్యం. అద్దె బాకీ కింద ఇంటి యజమానురాలు దాన్ని లాక్కుంటుంది. ఆ పాత్ర వేసిన అమినాటా ఫాల్ స్వయంగా పేరున్న గాయని కనుక, ఆమె తిట్లు కూడా పాట సాగినట్టే సాగుతాయి, భాష తెలియని నాకే మళ్లీ మళ్లీ వినాలనిపించింది. వాద్యం పోయిన సంగీతకారుడు ఒక మరుగుజ్జు మనిషి దగ్గర టికెట్టు కొంటాడు. దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా తన గది తలుపుకు జిగురుతో అంటించి, పైన యాదికోన్ బొమ్మను కప్పుతాడు. వలస పాలన చివరి రోజుల్లో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టాడని సెనెగల్ జనం తలచుకునే బందిపోటు ఈ యాదికోన్. తన సంపదకు మరిగో ఆ దొంగదొరనే కాపలా పెట్టుకున్నాడన్న మాట. ఇది అజాగ్రత్త ఎలా అవుతుంది? ఇనప్పెట్టె లేనివాడికి ఇంట్లో గట్టిగా ఉన్న వస్తువు తలుపు ఒక్కటే. దాచుకోవడంలో అతను చూపిన శ్రద్ధే, లాటరీ గెలిచిన రోజున అతని మెడకు చుట్టుకుంది. నేను నవ్వింది ఇక్కడే, నా గొంతు పట్టుకున్నదీ ఇక్కడే.

ఆ తర్వాత తలుపును ఊడబెరికి భుజాల మీద మోసుకుంటూ, ప్లాస్టిక్ చెత్త పరచుకున్న బీడు నేలలోంచి నగరం నడిబొడ్డుకు మరిగో నడిచే దృశ్యాలకు అనువాదం అక్కరలేదు. ఇంటికి తలుపు లేదు, తలుపుకు ఇల్లు లేదు. తీరా లాటరీ కార్యాలయానికి చేరితే, టికెట్టు వెనకవైపు సంఖ్య చూడందే డబ్బు ఇవ్వలేమంటారు. దాంతో జిగురు కరిగించడానికి అతను సముద్రం దగ్గరకు వెళతాడు. అలలు తలుపునూ అతన్నీ కలిపి కొట్టేస్తాయి, టికెట్టు పోయిందని ఏడ్చి ఏడ్చి చూసుకుంటే అది అతని నుదుటికే అంటుకుని ఉంటుంది. మన భాషలో పెరిగినవాళ్లకు ఆ దృశ్యం చూడగానే నుదుటి రాత అన్న మాట గుర్తుకొస్తుంది, మీ వ్యాసకర్త కూడా అంతా విధి అన్న ధోరణిలోనే ముగించారు. కానీ ఆ రాత రాసింది ఎవరో దర్శకుడు సినిమా పేరులోనే చెప్పాడు. మధ్యలో వచ్చే మరిగో పగటికలలు కొంత సాగాయని నాకూ అనిపించిన మాట నిజమే. అయినా బండరాయి మీద అతను నవ్వే ఆ చివరి నవ్వు వాటన్నిటినీ మరిపించింది.

మరొక విషయం వ్యాసంలో రావలసింది, రాలేదు. ఇదే దర్శకుడు 1973లో తీసిన ‘తూకీ బూకీ’లో డాకర్ యువజంట పారిస్ వెళ్లాలని కలగని, ఓడ టికెట్టు డబ్బు కోసం దొంగతనాలకు దిగుతుంది. ఇరవై ఒక్క సంవత్సరాల తర్వాత వచ్చిన మరిగోకు సముద్రం దాటాలన్న తపన లేదు, అతనికి తన కొంగోమా తిరిగి చేతికొస్తే చాలు. ఆ యువజంట కలగన్న ఊళ్లోనే కల ఎంతగా కుంచించుకుపోయిందో ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తెలిసింది, చాలా రోజులు బాధపడ్డాను.

మాంబెటీ ‘లె ఫ్రాంక్’ను చిన్న మనుషుల కథలు అనే మూడు చిత్రాల వరుసలో మొదటిదిగా తీశాడు. 1998 జూలైలో అతను మరణించడంతో మూడవది తీయనే లేదు, రెండవది ‘లా పెతీత్ వాందూజ్ ద సొలేయ్’ (సూర్యుణ్ణి అమ్మే చిన్నపిల్ల) అతని మరణానంతరం 1999లో వచ్చింది. చంకకర్రలతో నడిచే సిలీ అనే అమ్మాయి, మగపిల్లలు మాత్రమే చేసే పనిగా చలామణి అయ్యే పత్రికల అమ్మకాన్ని ఎంచుకుని, ‘ల సొలేయ్’ (సూర్యుడు) అనే దినపత్రికను డాకర్ వీధుల్లో అమ్ముతుంది. దొంగతనం చేసిందని అనుమానించిన పోలీసును అతని ఠాణాలోనే నిలదీస్తుంది. తోటి కుర్రాళ్లు చంకకర్ర ఎత్తుకుపోతే స్నేహితుడు బాబూ ఆమెను వీపున ఎక్కించుకుని నడుస్తాడు. ఇది నవ్వించడానికి తీసిన చిత్రం కాకపోయినా చూస్తున్నంతసేపూ పెదవుల మీద చిరునవ్వు చెదరదు. పత్రిక అమ్మే పిల్ల కథను ఒక పత్రిక వదిలేయడం నాకు వెలితిగా తోచింది.

ఈ రెండు చిత్రాలూ ఒక్కొక్కటి ముప్పావు గంట నిడివిగలవి, ఒక సాయంత్రం కూర్చుంటే రెండూ చూడవచ్చు. వీటిని కలిపి, 1994 జనవరిలో జరిగిన దాన్ని నాలుగు వాక్యాల్లో వివరిస్తూ మరొక పరిచయం వేయవలసిందిగా కోరుతున్నాను. అంత స్థలం ఇవ్వడం వీలుకాకపోతే, మరిగోకు తగిలించిన ‘తెలివితక్కువ’ అనే విశేషణాన్నయినా వచ్చే సంచికలో ఉపసంహరించుకోవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు