రొయ్యకు లాట్ నంబరు ఉంది, ఒలిచేవాళ్లకు లేదు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

గోదావరి జిల్లాల్లో చిన్నచిన్న రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు నడుపుతున్నవాళ్లం రాస్తున్నాం. రొయ్యలు ఒలిచే వలస కూలీల అప్పులు, కూలీ రేట్ల మీద మేమిచ్చిన వినతిపత్రాలకు ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అన్న వాక్యం తప్ప ఇంకేమీ రాలేదు. ఎవరికి పంపారో, తగు చర్య అంటే ఏమిటో అందులో లేదు. అందుకే నలుగురూ చూసేలా రాయాల్సి వచ్చింది. మన్నించండి.

ఐరోపా యూనియన్ చట్టం సంగతి మీకు తెలుసు. బలవంతపు చాకిరీ కలిసిన సరుకును 2027 డిసెంబరు 14 నుంచి అక్కడ అమ్మనివ్వరు. కంపెనీ చిన్నదని మినహాయింపు లేదు. అమెరికాలోనైతే 1930 నాటి టారిఫ్ చట్టం 307వ సెక్షన్ ఎప్పటినుంచో ఉంది. గట్టి సమాచారం అందితే చాలు, నేరం రుజువు కాకముందే కస్టమ్స్ వాళ్లు కంటెయినర్‌ను రేవులో ఆపగలరు. అందుకని కొనుగోలుదారులు మమ్మల్ని అడుగుతున్నారు: మీ రొయ్య ఒలిచినవాళ్లను ఎవరు తెచ్చారు? ఎంత అడ్వాన్సు మీద తెచ్చారు? వాళ్ల ఆధార్ కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి? రేపు మానేస్తామంటే పోనిస్తారా? న్యాయమైన ప్రశ్నలే. ‘అవును, కాదు’ గళ్లలో టిక్కు పెట్టి పంపేయొచ్చు, చాలామంది చేస్తున్నది అదే. నిజం రాయాలంటే మాత్రం ప్రభుత్వ రికార్డు ఏదో ఒకటి చేతిలో ఉండాలి. అదే లేదు.

రొయ్యకైతే అన్నీ ఉన్నాయి. ఏ హేచరీ సీడ్, చెరువు నమోదు నంబరు ఎంత, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్షలో ఏం తేలింది, ఏ రోజు ఏ ఫ్రీజర్‌లోకి వెళ్లింది, అన్నిటికీ కాగితం ఉంది. పెట్టెలో నిషేధిత యాంటీబయాటిక్ క్లోరాంఫెనికాల్ ఆనవాలు దొరికితే వెనక్కి వెళ్లి ఏ చెరువుదో పట్టుకోగలం. అదే రొయ్య తల తీసి, నరం లాగిన మనిషి ఏ ఊరినుంచి ఎంత అప్పుతో వచ్చిందంటే, కూలీల గుంపును తెచ్చిన మేస్త్రీ నోటిమాటే దిక్కు.

అప్పు ఎలా పేరుకుంటుందో మీ అధికారులకు తెలియనిది కాదు, అయినా చెబుతాం. ఒడిశాలోనో జార్ఖండ్‌లోనో ఇంటి దగ్గర ఇచ్చిన అడ్వాన్సుకు రైలు చార్జీ కలుపుతారు, ఇక్కడికి వచ్చాక గది అద్దె, మెస్ ఖర్చు, జ్వరమొస్తే మందులు కలుపుతారు. గుంపు మొత్తం కూలీ మేస్త్రీ ఖాతాలోకి వెళుతుంది. అందులోంచి ఆయన కోసుకున్నంత కోసుకుని మిగిలింది చేతికిస్తాడు. కోతల చీటీ ఉండదు. ఈఎస్ఐ నమోదుకని తీసుకున్న ఆధార్ కార్డు నెలల తరబడి ఆయన సంచీలోనే ఉంటుంది.

దీనికి తోడు కిలో రేటు. తనిఖీకి వచ్చేవాళ్లెవరూ దీని జోలికి పోరు, మా అసలు బాధ ఇదే. ఒలుపు కూలీని చాలా షెడ్లలో కౌంట్‌తో సంబంధం లేకుండా కిలోకింత అని మాట్లాడుకుంటారు. 40 కౌంట్ అంటే కిలోకు 40 రొయ్యలు, 100 కౌంట్ అంటే 100. రొయ్య చిన్నదైనా పెద్దదైనా తల తుంచాలి, పెంకు తీయాలి, నరం లాగాలి. అంటే 100 కౌంట్ కిలో ఒలవడానికి రెండున్నర రెట్ల పని. 40 కౌంట్ మీద కనీస వేతనం గిట్టే రేటు 100 కౌంట్ మీద అందులో సగానికి కూడా రాదు. చెరువుల్లో వైట్ స్పాట్ వైరస్ జబ్బు వస్తే రైతులు భయపడి ముందే పట్టేస్తారు, షెడ్డుకు వచ్చేదంతా చిన్న రొయ్యే. ఆ నెల పని గంటలు పెరుగుతాయి, కూలీ తగ్గుతుంది, మెస్ ఖర్చు మాత్రం తగ్గదు. అడ్వాన్సు తీరదు సరికదా పైపెచ్చు పెరుగుతుంది, మళ్లీ సీజనుకూ అదే మేస్త్రీ వెంట రావాల్సిందే. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయేనని ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల (ఆసియాడ్ కార్మికుల) కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. మరి కౌంట్‌వారీగా ఒలుపు రేటు నోటిఫై చేయమంటే, పరిశీలనలో ఉందంటారు. ఎన్నాళ్లండీ పరిశీలన? నలుగురు పని తెలిసినవాళ్లను కూర్చోబెట్టి, గడియారం పెట్టుకుని 30, 40, 60, 80, 100 కౌంట్లు ఒలిపిస్తే ఒక్క పూటలో తేలే లెక్క ఇది!

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం 50 మందికి తక్కువున్న కాంట్రాక్టరుకు లైసెన్సే అక్కర్లేదు. ఒలుపు గుంపులు మామూలుగా ముప్పై, నలభై మందే. ఇక ఎవరి లైసెన్సు చూసి నిజం తేల్చుకోవాలి? ఈ కోడ్‌లతో రద్దయిన 1979 నాటి వలస కార్మికుల చట్టం ప్రకారం ఫొటోతో పాస్‌బుక్ ఇచ్చి అందులో కూలీ రేటు, కోతలు రాయాల్సి ఉండేది. అప్పుడూ అది కళ్లబడింది అరుదే, కనీసం అడగడానికి ఒక పేరుండేది.

కొనుగోలుదారు పంపే ఆడిటరు మా గేటు లోపల బాత్రూములు, ఫైర్ సిలిండర్లు లెక్కపెట్టుకుని పోతాడు, ఖర్చు మాదే. ఒలుపు జరిగే బయటి పీలింగ్ షెడ్డు ఆయన జాబితాలో ఉండదు.

పోనీ, తప్పు మేమే కనిపెట్టామనుకోండి. మేస్త్రీని తీసేస్తే అప్పుతో సహా గుంపును ఇంకో షెడ్డుకో, ఇటుక బట్టీకో తోలుకుపోతాడు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం వెట్టి అప్పు రద్దవుతుంది, అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే. కలెక్టరో ఆర్డీవోనో విచారించి విడుదల పత్రం ఇస్తే తక్షణ సాయంగా 30 వేల రూపాయల వరకు రావాలి. జరిగేదేమిటంటే, గొడవ పెద్దది కాకుండా రైలెక్కించి పంపేయడం. పత్రం ఉండదు, కాబట్టి సాయం ఉండదు, ఆ మనిషి అప్పు తీర్చడానికి మళ్లీ అదే మేస్త్రీ దగ్గరికి వెళుతుంది. పూర్తి పునరావాస సొమ్ముకు శిక్ష పడాలన్న మెలిక వేరే ఉంది. జిల్లా, డివిజన్ స్థాయి విజిలెన్స్ కమిటీలు ఈ చట్టం 13వ సెక్షన్ కింద ఉండి తీరాలి. అవి ఎప్పుడు కూర్చున్నాయో, ఏం తేల్చాయో వెబ్‌సైట్‌లో పెట్టమన్నాం. అదీ తగు చర్య నిమిత్తం వెళ్లింది.

అయ్యా, మేం సబ్సిడీ అడగడం లేదు. కౌంట్‌వారీ ఒలుపు రేటు ప్రకటించండి. 50 మంది లోపు గుంపులు తెచ్చే మేస్త్రీలకు కూడా ఒక నమోదు పెట్టి, నంబరు కొడితే ఎవరైనా చూసుకునేలా చేయండి. కూలీ ఎవరి ఖాతాలో వాళ్లకే పడకపోతే యూనిట్ యజమానిని కూడా అడగండి, మమ్మల్నీ వదలొద్దు. ఫిర్యాదు వస్తే రైలు టికెట్ కన్నా ముందు విడుదల పత్రం ఇప్పించండి. ముఖ్యంగా ఆ ఒలుపు రేటు, సార్. ఈ సీజను పట్టుబడులు మొదలయ్యేలోపు.

కుదరదంటే కొనుగోలుదారుల ప్రశ్నావళి కాపీ మీ పేషీకి పంపుతాం. కూలీల గళ్లు మీ శాఖే నింపి, ముద్ర వేసి ఇవ్వండి.

ఇట్లు,
గోదావరి జిల్లాల చిన్న రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ల నిర్వాహకులు