తిరుమలరాయల పేరు పాఠంలోకి రావాలి

సంపాదకులు గారికి,

శ్రీకృష్ణదేవరాయల చివరి రోజుల ప్రస్తావన ఎక్కడ వచ్చినా మాట మహామంత్రి తిమ్మరుసు కళ్ళు తీయించిన ఘట్టం దగ్గరికే వెళ్తుంది. మన నాటకాలూ సినిమాలూ అప్పాజీ కోసం కన్నీరు పెట్టించాయి, అది న్యాయమే. కానీ ఎవరి మరణం ఆ శిక్షకు దారి తీసిందో, ఆ పసివాడు, రాయల కొడుకు తిరుమలరాయల ఊసెత్తేవారు లేరు.

1524లో రాయలు ఆరేళ్ళ కొడుక్కి పట్టం కట్టి, తాను మంత్రి స్థానంలోకి జరిగాడనీ, ఉత్సవాలు ఎనిమిది నెలలు సాగాయనీ, ఆ సంబరాల నడుమే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడనీ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడు. తాను బతికుండగానే ఇంత తొందర ఎందుకంటే, వారసత్వపు తగవు ఎంత ప్రాణాంతకమో రాయలకు స్వానుభవం. అన్న వీరనరసింహరాయలు తన ఎనిమిదేళ్ళ కొడుకు రాజ్యం కోసం తమ్ముడి కళ్ళు తీయమంటే, తిమ్మరుసు మేక కళ్ళు చూపించి రాయలను కాపాడాడని న్యూనిజే చెబుతాడు. పట్టానికి వచ్చాక రాయలు ఆ అన్న కొడుకునూ, తన సోదరులు ముగ్గురినీ చంద్రగిరి కోటలో నిర్బంధించాడు. అలాంటి తండ్రి తన బిడ్డకు ఆ గతి పట్టకూడదనుకున్నాడని నేను నమ్ముతున్నాను.

ఇక విషప్రయోగం. తిమ్మరుసు కొడుకే విషం పెట్టించాడని రాయలకు తెలిసిందని న్యూనిజ్ కథనం. అయితే అతను రాసింది దాదాపు పదేళ్ళ తర్వాత, విజయనగరంలో విన్న మాటలను బట్టి. ఆ రోజుల్లో పసిపిల్లల ప్రాణం తీయడానికి జ్వరమొక్కటి చాలు. కొడుకును పోగొట్టుకున్న రాయలు, తనను బతికించిన ఆ మేక కళ్ళ సంగతినే తవ్వి తీసి, రాజాజ్ఞను ధిక్కరించిన నీవు ఆనాడే ద్రోహివని నిండు కొలువులో తిమ్మరుసును నిందించాడట. ఆ నింద చదివినప్పుడల్లా అందులో నాకు నేరనిరూపణ కన్నా తండ్రి దుఃఖమే ఎక్కువగా వినిపిస్తుంది. మూడేళ్ళ చెర తర్వాత తండ్రీకొడుకుల కళ్ళు తీయించారు. బ్రాహ్మణులు కనుక మరణశిక్ష వేయలేదని కూడా న్యూనిజ్ వివరించాడు.

1529లో రాయలు కన్నుమూసేనాటికి మిగిలిన కొడుకు ఏడాదిన్నర పసికందు. సింహాసనం చంద్రగిరిలో ఉన్న సోదరుడు అచ్యుతరాయలకు దక్కింది.

అందువల్ల ఉభయ రాష్ట్రాల పాఠ్యపుస్తక రచయితలకు నా విన్నపం: రాయల పాఠంలో ఈ బాలుడి పేరు, పట్టాభిషేక సంవత్సరం చేర్చండి. విషప్రయోగాన్ని తేలిన నిజంగా కాక న్యూనిజ్ కథనంగానే రాయండి. చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలోనూ ఈ వారసత్వ చరిత్రను తెలుగులో వివరించే ఫలకం ఒకటి ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, పెనుకొండ