ప్రయోగశాల జంతువుల లెక్క ప్రజలకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఫార్మసీ కళాశాలల్లో ఫార్మకాలజీ, అంటే మందులు శరీరం మీద పనిచేసే తీరు చెప్పే శాస్త్రం, బోధించి పదవీ విరమణ చేశాను. శాస్త్ర పరిశోధనలో జంతువుల వాడకం గురించి పత్రికల్లో మాట వచ్చినప్పుడల్లా పూర్తిగా నిషేధించాలని ఒకరు, మందులు కావాలంటే తప్పదని ఇంకొకరు వాదిస్తారే గానీ, ప్రయోగశాలల్లో ఇప్పటికి ఏం మారింది, ఏం మారకుండా మిగిలింది అన్న సంగతి ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. ఆ మిగిలిన పని గురించే ఈ లేఖ రాస్తున్నాను.

నేను బీ ఫార్మసీ చదివిన రోజుల్లో ప్రాక్టికల్ ఉన్న నాడు పొద్దున్నే అటెండరు తడిపిన గోనెసంచిలో కప్పలు తెచ్చేవాడు. నలుగురు విద్యార్థులకు ఒక కప్ప. తల వెనక ఉండే చిన్న పల్లంలో సూది దింపి మెదడును, వెన్నుపామును చిదమాలి. దాన్ని పిథింగ్ అనేవారు. చేయి తిరిగినవారికి అది క్షణంలో అయిపోయే పని, మొదటిసారి సూది పట్టినవారికి రెండు మూడు పోట్లు పట్టేది. తరువాత పొట్ట కండరాన్ని కోసి తీసి, రెండు కొసలకూ దారం కట్టి, కండరాన్ని సజీవంగా ఉంచే రింగర్ అనే ఉప్పు ద్రావణం నింపిన గాజు పాత్రలో వేలాడదీసి, కండరాన్ని ముడుచుకునేలా చేసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే కండరం ముడుచుకుని, మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద తెల్లని గీత పడేది. మోతాదు పెంచితే గీత పెరుగుతుంది. ఈ విషయం పాఠ్యపుస్తకంలో ఉంది, నిరుటి బ్యాచి రికార్డుల్లో ఉంది, మా మేష్టారు బోర్డు మీద గీసిన గ్రాఫులోనూ ఉంది. అయినా ఏటా కొత్తగా కప్పల ప్రాణం తీసి మళ్లీ అదే తేల్చేవాళ్లం. అధ్యాపకురాలినయ్యాక స్టాకు రిజిస్టరు నా చేతికి వచ్చింది. అందులో కప్పల పద్దు వడపోత కాగితాలకు, దూదికి మధ్య, వాడి పారేసే సామగ్రి కింద ఉండేది. రూపాయలు రాసి ఉండేవి, ఎన్ని కప్పలన్నది చాలా చోట్ల రాసి ఉండేది కాదు. అప్పట్లో నాకూ అది తప్పుగా తోచలేదు. సంతకం చేసి పంపేదాన్ని.

విచారకరమైన విషయం ఏమిటంటే, అప్పటికే చట్టం మా వైపు వేలు చూపిస్తూ ఉంది. జంతువుల వాడకానికి వీలైనచోట ప్రత్యామ్నాయం వెతకాలి, వాడక తప్పనిచోట సంఖ్య తగ్గించాలి, వాడే జంతువుకు బాధ కలగకుండా పద్ధతిని మెరుగుపరచాలి అన్న మూడు సూత్రాలను విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1959లో ప్రతిపాదించారు. ఆ మరుసటి ఏడాదే, 1960లో, మన పార్లమెంటు చేసిన జంతు హింస నివారణ చట్టం 17వ సెక్షన్‌లో, పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో బోధన సాగే అవకాశం ఉన్నచోట ప్రయోగాలు మానుకోవాలని స్పష్టంగా ఉంది. ఆ మాట మా ల్యాబు గుమ్మం దాటి లోపలికి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

వచ్చాక మార్పు వేగంగానే జరిగిందని ఒప్పుకోవాలి. పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్య సంస్థలో తయారైన ఎక్స్‌ఫార్మ్ సాఫ్ట్‌వేర్‌తో మా విద్యార్థులు ఆ కప్ప కండరం గ్రాఫునే కంప్యూటర్ మీద, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, గీసుకోగలిగారు. 2014లో యూజీసీ జంతుశాస్త్రం కోర్సుల్లో డిసెక్షన్లకు, అంటే జంతువులను కోసి చూపే పాఠాలకు, స్వస్తి చెప్పింది, ఫార్మసీ కౌన్సిల్ సిలబస్ కూడా జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోల ద్వారానే చూపించమంటోంది. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని అదే 2014లో నిషేధించారు. మందుల నాణ్యతా ప్రమాణాల అధికారిక గ్రంథమైన ఇండియన్ ఫార్మకోపియా 2018 సంచిక, సెలైన్ వంటి ఇంజెక్షన్లు జ్వరం తెప్పిస్తాయా అని కుందేళ్ల మీద చేసే పరీక్ష స్థానంలో పరీక్షనాళిక పద్ధతులకు చోటిచ్చింది. కొత్త మందుల నిబంధనలకు 2023 మార్చిలో చేసిన సవరణ అవయవ చిప్‌లు (అవయవం పనితీరును అనుకరించేలా కణాలు పెంచిన చిన్న పరికరాలు), ఆర్గనాయిడ్లు (ప్రయోగశాలలో పెంచిన బుల్లి అవయవాల వంటి కణాల ముద్దలు) వంటి మానవ కణాల నమూనాల ఫలితాలను గుర్తించింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో ఇటువంటి నమూనాల కోసమే ఒక కేంద్రం పెట్టడం తెలుగువారిగా మనకు గర్వకారణం.

ఇవన్నీ మొదటి సూత్రానికి, అంటే ప్రత్యామ్నాయానికి, సంబంధించినవి. రెండోదైన తగ్గింపు దగ్గరకు వచ్చేసరికి మన చేతిలో ఏమీ లేదు, ఎందుకంటే ఎంత నుంచి ఎంతకు తగ్గిందో చెప్పే అంకె ప్రజల ముందు లేదు. బ్రిటన్ ప్రభుత్వం ఏ జాతి జంతువు మీద ఎన్ని ప్రయోగాలు జరిగాయో, వాటిలో బాధ తీవ్రత ఎంతో ఏటా ప్రచురిస్తుంది. 2023లో అవి సుమారు 26.8 లక్షలు. లెక్క తీస్తే ఎటువంటి సంగతులు బయటపడతాయో ఐరోపా సమాఖ్య అనుభవం చెబుతుంది. పరిశోధన కోసం పుట్టించి, ఏ ప్రయోగంలోనూ వాడకుండానే చంపేసిన జంతువులు 2017లో దాదాపు 1.26 కోట్లని వారి నివేదిక తేల్చింది. అదే ఏడాది ప్రయోగాల్లో వాడినవాటి కంటే ఈ సంఖ్య ఎక్కువ. కావలసిన లింగం కాకపోవడం, జన్యుమార్పిడి చేసిన వంశంలో కావలసిన జన్యువు రాకపోవడం వంటి కారణాలతో అవి మిగిలిపోతాయి. పెంపకాన్ని సరిగా ప్రణాళిక చేసుకుంటే వీటిలో చాలావాటిని పుట్టించే అవసరమే ఉండదు. మన దగ్గర అటువంటివి ఎన్నో అడిగితే జవాబు చెప్పే పట్టిక ఏదీ సామాన్యుడికి దొరకదు.

తగ్గింపు అన్న మాటను అపార్థం చేసుకోకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. పది ఎలుకలు కావలసిన ప్రయోగాన్ని నాలుగింటితో ముగిస్తే ఫలితం ఎటూ తేలదు, ఆ నాలుగూ వృథాగా పోయినట్టే. సరైన సంఖ్యను గణాంక శాస్త్రం ప్రకారం ముందే నిర్ణయించుకోవడం, విఫలమైన ప్రయోగాన్నీ ప్రచురించి ఇంకొకరు దాన్నే మళ్లీ చేయకుండా చూడటం అసలైన తగ్గింపు. ఎన్నో పీహెచ్‌డీ థీసిస్‌లను పరీక్షించాను. గుంపుకు ఆరు జంతువులని రాసినవారిని ఆరే ఎందుకని అడిగితే, అందరూ ఆరే వాడతారని సమాధానం వచ్చేది.

మూడో సూత్రం సంగతి ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. చిట్టెలుకను తోక పట్టుకుని ఎత్తడం మా తరమంతా నేర్చుకున్న పద్ధతి. అలా ఎత్తిన ఎలుకల్లో బెదురు పెరుగుతుందని, గొట్టంలోకి ఎక్కించుకుని గానీ దోసిట్లో గానీ ఎత్తితే తగ్గుతుందని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ 2010లో నిరూపించారు. నా పూర్వ విద్యార్థిని ఒకామె తాను పనిచేసే యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగ జంతువులను పెంచే చోట, ఇది నాకు చేసి చూపించింది. అరచేతి పొడవున్న ప్లాస్టిక్ గొట్టాన్ని పంజరంలో పెట్టి కదలకుండా నిలబడింది. ఎలుక దగ్గరకు వచ్చి అంచును మీసాలతో తడిమి, వాసన చూసి, దానంతట అదే లోపలికి దూరింది. ఆమె గొట్టం రెండు కొసలనూ చేతులతో తేలిగ్గా మూసి ఎత్తింది. ముప్పై ఏళ్లు తోకలు పట్టుకుని ఎత్తిన నాకు అది చూస్తుంటే కళ్లు చెమర్చాయి. ఇందులో కరుణతో పాటు శాస్త్రమూ ఉంది: బెదిరిన జంతువు రక్తంలో చక్కెర, గుండె వేగం మారిపోతే మనం కొలిచేది మందు ప్రభావమో, భయం ప్రభావమో తెలియదు.

జంతువుల వాడకాన్ని రేపటికల్లా ఆపేయమని నేను కోరడం లేదు. పొలంలో పాము కరిచిన రైతుకు ఎక్కించే విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచే వస్తోంది, దాని బలాన్ని నేటికీ చిట్టెలుకల మీదే కొలుస్తున్నారు. కణాల మీద చేసే పరీక్షలతో ముందే వడపోసి ఆ ఎలుకల సంఖ్య తగ్గించే ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి ఫలించేదాకా ఆ మందును కాదనే హక్కు మనకు లేదు.

నేను కోరేది ఒక్కటే. ప్రతి సంస్థలోని జంతు నైతిక కమిటీకి పరిశోధకులు ఇచ్చే ఫారం-బీలో ఏ జాతి, ఎన్ని జంతువులు, అన్నే ఎందుకు అన్న వివరాలు ఉంటాయి. ఆ కమిటీలో ఒక పశువైద్యుడు, శాస్త్రవేత్త కాని ఒక సామాజిక సభ్యుడు కూడా కూర్చుంటారు. అంటే సమాచారం ఇప్పటికే కాగితం మీద ఉంది, కొత్తగా పోగు చేయాల్సిన పని లేదు. జంతు ప్రయోగాలను పర్యవేక్షించే, కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద పనిచేసే సీసీఎస్ఈఏ అనే కమిటీ వాటిని క్రోడీకరించి, సంస్థల వారీగా, జాతుల వారీగా, అనుమతించినవెన్ని, నిజంగా వాడినవెన్ని, వాడకుండా చంపినవెన్ని, బాధ తీవ్రత ఏ స్థాయిలో ఉంది అన్న పట్టికను ఏటా తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. పరిశోధకుల పేర్లు, పరిశోధన రహస్యాలు అందులో చేర్చనక్కర్లేదు. జీనోమ్ వ్యాలీ వంటి పరిశోధనా కేంద్రం ఉన్న తెలంగాణ, ఫార్మా పరిశ్రమలు విస్తరిస్తున్న ఆంధ్రప్రదేశ్ తమ విశ్వవిద్యాలయాల వరకైనా ఈ పనిని కేంద్రం ఆదేశం కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మకాలజీ అధ్యాపకురాలు,
గుంటూరు.