చుక్కలెందుకు పడవని బిడ్డ అడిగిందన్నావు కదా

హనుమకొండ,
సంక్రాంతి వెళ్ళిన వారం.

ఒరేయ్ దోస్తూ,

మొన్న ఫోన్లో సగం మాటలోనే షిఫ్టుకు టైమైందని పెట్టేశావు. మళ్ళీ చేద్దామనుకున్నా గానీ, ఈ సంగతి ఫోన్లో తేలేది కాదనిపించి కాగితం తీసుకున్నాను. తీరిగ్గా చదువు, అర్థం కాని చోట రెండోసారి చదువు. ఆ తర్వాత బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని నీ మాటల్లో చెప్పు.

నీ బిడ్డ డాబా మీద రాలుతున్న చుక్కను చూసి "అదొక్కటే పడింది, మిగతావి ఎందుకు పడవు డాడీ" అని అడిగిందన్నావు. ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను, క్లాసులో ఒక్కరూ నన్ను ఇంత మంచి ప్రశ్న అడగలేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదంటే నమ్ము.

ముందు చిన్న సంగతి చెప్పేస్తా. రాలింది చుక్క కానే కాదు. ఇసుక రేణువంతో, శనగగింజంతో ఉన్న రాతి తునక. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో వచ్చి గాలిలో దూరుతుంది, మన నెత్తికి సుమారు 100 కిలోమీటర్ల పైన కాలిపోతుంది. అంతే.

అసలు ప్రశ్నకు వస్తే, జవాబు చెప్పగానే బిడ్డ నీ మొహం వింతగా చూస్తుంది. పడకపోవడమేంటి? అన్నీ పడుతూనే ఉన్నాయి.

మన ఊళ్ళో పెద్దబాయి యాదికుందా? ఎండాకాలం నీళ్ళు అడుగంటితే గడ్డ మీద బోర్లా పడుకుని, తలలు లోపలికి పెట్టి రాళ్ళు వేసేవాళ్ళం. నువ్వు వేసేవాడివి, నేను లెక్కపెట్టేవాణ్ణి. "ఒకటీ... రెండూ" అనేసరికి కింద డుబుక్కుమనేది. మీ బాపు చూసి ఇద్దరి చెవులూ మెలేశాడు కూడా. అప్పుడు మనకు తెలియదు గానీ, మనం ఆ బాయిని కొలిచాం. చేతిలోంచి జారిన రాయి మొదటి సెకనులో దాదాపు 4.9 మీటర్లు పడుతుంది. రెండు సెకన్లు పూర్తయ్యేసరికి రెండింతలు కాదు, నాలుగింతలు, అంటే 19.6 మీటర్లు. వేగం పెరుగుతూ పోతుంది కాబట్టి అలా. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ బాయి లోతు ఇరవై గజాల పైమాటే అనేవాళ్ళు. మన లెక్క 21 గజాల చిల్లరకు తేలుతుంది!

ఇప్పుడు చందమామ దగ్గరకు రా. భూమి నడిమధ్య నుంచి నేల మీది మనకు ఎంత దూరమో, చందమామకు అంతకు 60 రెట్లు దూరం. దూరం పెరిగిన కొద్దీ భూమి లాగుడు తగ్గుతుంది. ఆ తగ్గడానికి ఒక లెక్క ఉందని న్యూటన్ పట్టుకుని 1687లో అచ్చు వేయించాడు. దూరం 60 రెట్లయితే లాగుడు 60 సార్లు 60, అంటే 3600 వంతుల్లో ఒక వంతు అవుతుంది. ఆ ఒక్క వంతు లాగుడుతో చందమామ సెకనుకు ఎంత పడతాడో తెలుసా? 1.4 మిల్లీమీటర్లు. మన గోరు మందానికి రెండు మూడింతలు. అదే ఒక నిమిషం ఆగి చూస్తే, రాయికి రెండు సెకన్లకు నాలుగింతలైనట్టే, అరవై సెకన్లకు 60 సార్లు 60 ఇంతలు, అంటే 4.9 మీటర్లు. అవును, పెద్దబాయిలో మన రాయి మొదటి సెకనులో పడినంతే! రాయికి సెకను, చందమామకు నిమిషం, తేడా అంతే. ఈ లెక్క నేను మొదటిసారి చేసిన రోజు కాగితం పక్కన పెట్టి బయటికెళ్ళి చందమామను చూస్తూ నిలబడిపోయాను. బాయిలో పడ్డదీ, మీదున్నదీ ఒక్కటే రాయి!

మరి నేల మీదికి ఎందుకు రాడు? పక్కకు పోతున్నాడు కాబట్టి, అదీ సెకనుకు కిలోమీటరు చొప్పున. పడడమే లేకపోతే తిన్నగా వెళ్ళి మనకు దొరకకుండా పోయేవాడు. ఆ 1.4 మిల్లీమీటర్ల పాటు పడడం వల్లే దారి కొంచెం వంగుతుంది. సెకను సెకనుకూ అలా వంగీ వంగీ మన చుట్టూ తిరిగొస్తాడు. మన భూమి సూర్యుడి వైపు అలాగే పడుతోంది. సూర్యుడు మనందర్నీ వెంటేసుకుని పాలపుంత నడిబొడ్డు చుట్టూ అలాగే పడుతున్నాడు. ఆయన ఒక్క చుట్టు తిరగడానికి సుమారు 23 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకో, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇంతవరకు బిడ్డకు నేనైనా చెప్పగలను. ఇక్కడి నుంచి మాత్రం నువ్వే చెప్పాలి, ఎందుకంటే ఇది బొగ్గుబాయిలో దిగిన మనిషికి తెలిసినట్టు నాకు తెలియదు.

చుక్క తన చుట్టూ ఉన్నవాటిని లాగడమే కాదు, తనను తాను కూడా లోపలికి లాక్కుంటుంది. సూర్యుడంటే గట్టి నేల ఉన్న ముద్ద కాదు, మొత్తం మండే వాయువు. పైపొరల బరువంతా కింది పొరల మీద, వాటి బరువు ఇంకా కిందివాటి మీద పడుతుంది. నువ్వు రోజూ నెత్తి మీద మోసే రూఫ్ లాంటిదే. నువ్వు సర్ఫేసు నుంచి మూడు వందల మీటర్ల కింద నిలబడితే రూఫ్ ఎంత బరువు తోస్తుందో, సపోర్టు లేకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. సూర్యుడి మధ్య నుంచి పైదాకా దాదాపు 7 లక్షల కిలోమీటర్లు. అంత మందం రూఫ్‌ను ఏ సపోర్టు ఆపుతోంది? వేడి. మధ్యలో కోటిన్నర డిగ్రీలు. ఆ వేడికి వాయువు బయటికి తోస్తుంటే, బరువు లోపలికి తోస్తోంది. రెండూ సరిసమానంగా ఉండబట్టే చుక్క చుక్కగా నిలిచింది. అంటే మీ బిడ్డ ప్రశ్నకు రెండో జవాబు, చుక్క తనలోకి తాను పడిపోకుండా మంటే మోస్తోంది.

ఆ మంట దేనిది అన్నదే పందొమ్మిదో శతాబ్దంలో పెద్దపెద్దవాళ్ళను పీడించిన ప్రశ్న. సూర్యుడంత బొగ్గుముద్ద ఉంటే ఎన్నాళ్ళు కాలుతుందో లెక్క వేశారు. ఐదారు వేల ఏళ్ళు, అంతకు మించదు. ఇప్పుడు నువ్వు తవ్వే బొగ్గు చూడు. గోదావరి లోయలో బొగ్గు 25 కోట్ల ఏళ్ళ కిందటి కంటే పాతది. గ్లాసోప్టెరిస్ అని నాలుక ఆకారం ఆకులున్న చెట్లు అప్పుడు ఇక్కడ అడవులుగా పెరిగాయి. నీ పార కింద పగిలే రాళ్ళ మీద ఎప్పుడైనా ఆకు అచ్చు కనబడితే అదే అయి ఉంటుంది, పారేయకు. ఆ చెట్లు పెరగాలంటే అప్పుడూ ఎండ కాయాలి కదా. అంటే సూర్యుడు బొగ్గుతో మండడం లేదని నీ చేతిలో ఉన్న బొగ్గుపెళ్ళే సాక్ష్యం చెప్తోంది! పైన 23 కోట్ల ఏళ్ళని చెప్పానే, ఆ అడవులు పెరిగినప్పటి నుంచి సూర్యుడు పాలపుంత చుట్టూ ఒక్క చుట్టు పూర్తి చేసి రెండోది మొదలుపెట్టాడు, అంతే.

సూర్యుడిలో హైడ్రోజన్ కలిసిపోయి హీలియం అవుతుంది. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్. సింగరేణి మొత్తం ఏడాదికి తవ్వేది సుమారు 7 కోట్ల టన్నులు, అంటే మీ ఎనిమిదేళ్ళ పైచిలుకు పని ఆయనకు ఒక్క సెకను. ఆ 60 కోట్లలో 40 లక్షల టన్నుల పదార్థం కనబడకుండా పోతుంది. అదే వెలుగుగా మారుతుంది. ఇంత ఖర్చు పెట్టినా ఆయన దగ్గర ఇంకో 500 కోట్ల ఏళ్ళకు సరిపడా ఉంది.

పుట్టిన వెలుగు వెంటనే బయటికి రాదు. మేడారం జాతరలో గద్దెల దగ్గర ఇరుక్కున్నప్పుడు మనం ఎలా అయ్యామో యాది చేసుకో. అడుగు ముందుకు, రెండడుగులు పక్కకు, ఎవరో తోస్తే మళ్ళీ వెనక్కి. లోపల వెలుగు పనీ అంతే. ప్రతి అణువు దగ్గరా తగిలి దారి మార్చుకుంటూ పైకి చేరడానికి వేల ఏళ్ళు, లక్ష ఏళ్ళ దాకా పడుతుందంటారు. బయటపడ్డాక మాత్రం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో మీ డాబా మీద ఆరేసిన వడియాల మీద పడుతుంది.

అంత దూరంలో ఉన్నదాంట్లో ఏముందో ఎవరు చూశారని మీ ఆవిడ అడుగుతుంది, నాకు తెలుసు చెల్లెను. ఆమెకు వంటింట్లోనే చూపించు. పప్పు పొంగి స్టవ్ మీద పడితే నీలి మంట పసుపు రంగుకు తిరుగుతుంది కదా? అది ఉప్పులోని సోడియం. ఏ పదార్థం మండినా దాని వెలుగును గాజు పట్టకంలో విడదీస్తే వచ్చే రంగు గీతలు దానికే ఉంటాయి, వేలిముద్రల్లాగా. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచాయన ఎక్కడికి వచ్చాడనుకున్నావ్? గుంటూరుకు! ఆ గ్రహణం రోజు సూర్యుడి అంచు వెలుగులో ఒక పసుపు రంగు గీత కనబడితే అది సోడియమే అనుకున్నారు. తర్వాత జాగ్రత్తగా కొలిస్తే కాస్త పక్కకు ఉంది. అలాంటి గీత భూమి మీద ఏ పదార్థానికీ లేదు. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. అది భూమి మీద దొరికింది 1895లో. అంటే పక్కింటి సామాను మన ఇంట్లో దొరకకముందే మనకు తెలిసింది.

ఇంకొక్క మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. మన దేశపు శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా, చుక్క వేడిని బట్టి ఆ గీతలు ఎలా మారతాయో చెప్తూ 1920లో ఇచ్చిన సమీకరణం పట్టుకుని సెసీలియా పేన్ అనే పాతికేళ్ళ అమ్మాయి 1925లో చుక్కల్లో ఉన్నది దాదాపు అంతా హైడ్రోజన్, హీలియమే అని తేల్చింది. అప్పటి పెద్దలు నమ్మలేదు. ఈ ఫలితం నిజం కాకపోవచ్చని ఆమె చేతే ఆమె థీసిస్‌లో రాయించారు. నాలుగేళ్ళకు అదే నిజమని ఒప్పుకున్నారు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. బిడ్డకు ఇది తప్పకుండా చెప్పు.

ఇప్పుడు చూడాల్సింది. రాత్రి ఎనిమిదింటికి డాబా ఎక్కి తూర్పుకు తిరగండి. ఒకే వరుసలో దగ్గరదగ్గరగా మూడు చుక్కలు కనబడతాయి. వాటికి ఎడమ పక్క ఎర్రటిది ఆర్ద్ర, కుడి పక్క నీలి తెలుపుది రైజెల్. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, బాగా కాగితే తెల్లగా వస్తుంది చూడు, చుక్కలూ అంతే. ఎర్రటి ఆర్ద్ర చల్లన, రైజెల్ దానికి మూడింతల పైగా వేడి. ఆర్ద్రకు దగ్గర్లోనే పైన మూడు సన్నటి చుక్కలు గుంపుగా ఉంటాయి, అదే మృగశిర. మనం మిరుగం నాడు చేపలు తింటాం గానీ ఆ రోజు మృగశిర కనబడదు. సూర్యుడు ఆ పక్కకే వచ్చి కూర్చుంటాడు కాబట్టి పగలంతా ఆయనతో పాటే తిరుగుతుంది. కార్తె అంటే అదే అర్థం. నలభై ఏళ్ళుగా తింటున్నాం, నాకిది తెలిసి పదేళ్ళయింది.

ఆర్ద్ర లాంటి పెద్ద చుక్కలకు చివర్లో సపోర్టు ఒక్కసారిగా పోతుంది. మధ్యలో ఇనుము పేరుకున్నాక మంట ఇక వేడి ఇవ్వదు, ఒక్క సెకను కూడా పట్టకుండా మధ్యభాగం కూలిపోతుంది. పైపొరలు పేలి చెల్లాచెదురవుతాయి. మిగిలింది 20 కిలోమీటర్ల ముద్ద. కాజీపేట నుంచి వరంగల్ దాటి ఇంకో పది కిలోమీటర్లు, అంతే. అందులో సూర్యుడి కంటే ఎక్కువ బరువు.

రైజెల్ మన నుంచి సుమారు 860 కాంతి సంవత్సరాలు, అటూ ఇటూ కొంచెం. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడి శాసనం 1163ది. ఆ గుడిలో మూడు గర్భగుళ్ళలో ఒకటి సూర్యుడిది కూడా. రాతి మీద ఉలి పడుతున్న రోజుల్లో బయల్దేరిన వెలుగు దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చి ఇప్పుడు మీ బిడ్డ కంట్లో పడుతుంది. నేను గుడి ముందు నుంచి రోజూ బండి మీద పోతాను. ఈ చలికాలం మాత్రం రాత్రుళ్ళు ఒకసారి ఆపి పైకి చూస్తున్నాను.

శివరాత్రికి ఊరికి వస్తానన్నావు, అమావాస్య దగ్గరే కాబట్టి చీకటి బాగుంటుంది. బిడ్డను తప్పకుండా తీసుకురా. నీ క్యాప్ ల్యాంప్ లాంటి లైటు ఉంటే ఎర్ర కాగితం చుట్టి పెట్టుకో, తెల్ల లైటు పడితే కళ్ళు చీకటికి మళ్ళీ అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పెద్దబాయికి ఇప్పుడు ఇనుప జాలీ వేశారు. సందుల్లోంచి పట్టే రాళ్ళు నాలుగు ఏరి పెడతాను. స్టాప్‌వాచ్ వద్దు, ఒకటీ రెండూ అని నోటితోనే లెక్కపెట్టమను.

నీ దోస్తు.