మెడపై చెయ్యి వేసే ముందు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో కల్యాణమండపంలో జరిగిన నొప్పుల శిబిరం గురించి అరపేజీ వార్త, మూడు ఫొటోలు వేశారు. బల్లపై పడుకోబెట్టిన పెద్దావిడ మెడను ఒక్క ఉదుటున పక్కకు తిప్పడాన్ని అద్భుతంగా వర్ణించిన మీ విలేకరి, ఆ తిప్పిన వ్యక్తి ఏం చదువుకున్నాడో, తిప్పే ముందు ఆమెను ఏమైనా అడిగాడో లేదో ఒక్క వాక్యమైనా రాయలేదు. ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి విరమించిన నాకు ఆ ఫొటో చూస్తే భయం వేసింది.

చేతులతో చేసే చికిత్సకు నేను వ్యతిరేకిని కాను. నా ఉద్యోగ జీవితమంతా చేసింది అదే. పట్టేసిన కీలును నెమ్మదిగా, లయగా, రోగి ఓర్చుకోగలిగినంత మేర కదపడాన్ని మొబిలైజేషన్ అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ దాన్ని నాలుగు స్థాయిలుగా విభజించారు. అవన్నీ దాటాక వచ్చేది మానిప్యులేషన్, అంటే కీలు కదలిక చివరి అంచున అతి వేగంగా, అతి తక్కువ దూరం ఇచ్చే తోపు. మొబిలైజేషన్‌లో నొప్పి అనిపిస్తే రోగి వద్దని ఆపించగలడు. మానిప్యులేషన్‌లో ఆ వ్యవధి ఉండదు, కనుక జాగ్రత్త అంతా చెయ్యి వేయక ముందే పడాలి.

టక్కుమన్న శబ్దంతో జారిన పూస చోటికి వచ్చిందని శిబిరంలో చెప్పిన మాటను మీరు యథాతథంగా అచ్చువేశారు. అది తప్పు. కీలులోని ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి వాయు కుహరం ఏర్పడటం వల్ల వచ్చే శబ్దం అది, మెటికలు విరిచినప్పుడు వచ్చేదే. 2015లో కెనడా పరిశోధకులు వేళ్ల కీళ్లను ఎంఆర్‌ఐలో చిత్రించి దీన్ని చూపించారు.

మెడ సంగతి మరింత సున్నితమైనది. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడపూసల రంధ్రాల గుండా పైకి సాగి, పై రెండు పూసల దగ్గర మలుపులు తిరుగుతాయి. మెడను బలంగా తిప్పితే ధమని లోపలి పొర చీలి, అక్కడ రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఇది అరుదే. అయినా 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళ బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకోవడానికి మెడ వెనక్కి వాల్చి పక్షవాతానికి గురైందని పత్రికలు రాసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పైగా ధమనిలో చీలిక మొదలైన వారికి తొలి లక్షణం మెడనొప్పే కావచ్చు, అంటే వాళ్లే ఈ బల్ల ఎక్కే అవకాశం ఉంది. తల తిరుగుతోందా, వస్తువులు రెండుగా కనబడుతున్నాయా, మాట తడబడుతోందా, మింగడం కష్టమవుతోందా అని అడగాలి. కేన్సర్, కీళ్లవాతం, ఎముకలు గుల్లబారడం, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ల వాడకం, మన దేశంలో ఇంకా తరచుగా కనిపించే వెన్నెముక క్షయ, వీటిలో ఏదీ లేదని తేల్చుకోవాలి. వరుసలో నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరిని బల్ల ఎక్కించే చోట ఇవన్నీ ఎవరు అడుగుతారు?

జనం అక్కడికి ఎందుకు వెళ్తున్నారో కూడా చెప్పాలి, అందులో మా వృత్తి బాధ్యత ఉంది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామం, అవగాహనతో పాటు మానిప్యులేషన్, మర్దనలను కూడా షరతులతో సిఫారసు చేశాయి. ట్రాక్షన్ (నడుమును సాగదీసి లాగడం), అల్ట్రాసౌండ్ (నొప్పి ఉన్నచోట ధ్వని తరంగాలతో చేసే చికిత్స), నడుము బెల్టు మామూలుగా వాడవద్దన్నాయి. మన వీధుల్లోని ఎన్నో ఫిజియోథెరపీ కేంద్రాల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. చేత్తో పరీక్షించడానికి అరగంట పడుతుంది, మిషన్ తగిలిస్తే ఒకేసారి నలుగురిని చూడవచ్చు. వారాల తరబడి కరెంటు పెట్టించుకున్నా నొప్పి ఉన్నచోట ఎవరూ చెయ్యి వేసి చూడని మనిషి, చెయ్యి వేసే శిబిరానికి వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ప్రభుత్వాలు. ఫిజియోథెరపీతో సహా అనుబంధ వైద్య వృత్తులకు 2021లో జాతీయ చట్టం వచ్చింది, ఈ వృత్తుల వారిని నమోదు చేసే రాష్ట్ర మండళ్లను ఆరు నెలల్లో ఏర్పాటు చేయాలంది. దాని అమలు కోసం 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్లీ గడువు పెట్టవలసి వచ్చింది. ఫిజియోథెరపిస్టు పేరు ముందు డాక్టర్ అని ఉండకూడదని 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసి, మర్నాడే వెనక్కి తీసుకుంది. ఆ తగవుపై పెట్టిన శ్రద్ధ, ఏ శిక్షణా లేనివారు మెడలు తిప్పకుండా ఆపడంపై ఎందుకు పెట్టరు? ఈ శిబిరానికి అనుమతి ఎవరిచ్చారని నేను విచారిస్తే, ఆరోగ్య శాఖ వారు పురపాలక సంఘాన్ని అడగమన్నారు, పురపాలక సంఘం వారు ఆరోగ్య శాఖను అడగమన్నారు.

వచ్చే నెల రెండో శిబిరం ఉంటుందని మీ వార్తలోనే ఉంది. ఆలోగా మీ విలేకరిని పంపి, అక్కడ చికిత్స చేసేవారి విద్యార్హత, నమోదు వివరాలు అడిగించి ప్రచురించండి. చెప్పడానికి నిరాకరిస్తే ఆ సంగతే ప్రచురించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫిజియోథెరపిస్టు,
గుంటూరు